ఏమనదు, రాప్పా

మా నంద్యాల వీధిలో స్పీడ్‌ బ్రేకర్‌ను సరిగ్గా మా గేటు ముందే వేశారు. వేగంగా పోయే బండ్లు ఎగిరి పడతాయి, నెమ్మదిగా పోయేవి కూడా ఎగిరి పడతాయి. దానికి ఎవరి మీదా పక్షపాతం లేదు. ప్రతి చప్పుడుకూ మా కుక్క లేచి మొరుగుతుంది. అందుకే దాని అరుపును పట్టించుకోవడం మేం ఎప్పుడో మానేశాం.

ఆళ్లగడ్డ నుంచి శిల్పి వచ్చిన రోజు కూడా అంతే. నాయన సమాధికి సిలువ రాయి చెక్కించాలని నేనే పిలిపించాను. అతను గేటు బయటే ఆగాడు.

"అన్నా, కుక్కను కట్టేసినారా?"

"ఏమనదు, రాప్పా."

చుట్టాలొస్తే కుక్కను కట్టేస్తాం. పనికొచ్చినవాళ్లకు ఈ మాట ఇస్తాం. మా వీధిలో కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. మాట ఇచ్చేముందు కుక్కను సంప్రదించే ఆచారం ఇంకా రాలేదు.

అతను లోపల అడుగు పెట్టగానే అది అతని కుడిచెయ్యి కరిచి పట్టుకుంది, బొటనవేలి కింద. కుళాయి కింద ఆ చేతిని నేను సబ్బుతో కడుగుతుంటే అతను నా వైపు చూడలేదు.

"సుత్తి పట్టే చెయ్యన్నా ఇది" అన్నాడు, అంతే.

గోడ మీదుగా పక్కింటాయన నాకు చట్టం చెప్పాడు. "వాడే కుక్క మీదికి చెయ్యి చాపినాడని చెప్పప్పా. లేకుంటే నీ మెడకు చుట్టుకుంటాది." సలహా వినసొంపుగానే ఉంది.

పెద్దాసుపత్రిలో సూది వేసే నర్సమ్మ అడిగింది. "ఎవుర్ది కుక్క?"

"మాదే. కట్టేయకుండా లోపలికి రమ్మన్నదీ నేనే."

అప్పుడు శిల్పి నా వైపు చూశాడు. సూదులు ఒక్కటీ తప్పకూడదని, కుక్కను కూడా పది రోజులు కనిపెట్టి చూడమని, అది బాగుంటే మనిషికి భయం లేనట్టేనని డాక్టరు చెప్పాడు.

ఆ తర్వాత సూది ఉన్న ప్రతిసారీ నేనే ఆళ్లగడ్డ పోయి, అతన్ని బండి మీద అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయాను. అతను రాళ్లు చెక్కే షెడ్డులో సగం చెక్కిన నంది ఒకటి మూతి లేకుండా ఎదురుచూస్తుండేది. రాళ్ల మధ్య మంచం మీద శిల్పి తల్లి కూర్చుని, నేను బండికి స్టాండు వేయకముందే మొదలుపెట్టేది.

"కుక్క బాగుండాదా నాయనా?"

"బాగుండాదమ్మా. తింటాంది."

"నీళ్లు తాగుతాందా?"

"తాగుతాంది."

నా ఆరోగ్యం గురించి ఎప్పుడూ అడగలేదు. కొడుకును కరిచిన కుక్క మీద ఇంత దయ ఏమిటా అని నేను కొన్నాళ్లు ఆమెను గౌరవించాను.

ఒకరోజు నేను పోయేసరికి వీధి మొదట్లోకే సుత్తి చప్పుడు వినిపించింది. నందికి మూతి వస్తోంది. శిల్పి నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"మీ నాయన రాయి పని రేపు ఎత్తుకుంటాలేన్నా. కొలతలు నువ్వే ఈడికి తీస్కరా, నేనాడికి రాను."

ఆ సంతోషంలో నేను ముసలామె దగ్గరికి పోయాను. "డాక్టరు చెప్పిన దినాలు దాటిపాయమ్మా. కుక్క బాగుండాది. దానికీ సూదేయించినా. ఇంగ ఎవురొచ్చినా కట్టేస్తాం."

ఆమె తమలపాకుకు నిదానంగా సున్నం రాసి, మడిచి బుగ్గన పెట్టుకుంది.

"సరే. ఇంగ అది సచ్చినా మాకేం లేదు."