ఆ రోజుకు అమ్మ

జంతువులను చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళడం ఎవరికైనా సరదా. ఆ రోజు మేము వెళ్ళింది మాత్రం తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా ఇంట్లో దొరక్కుండా ఉండటానికి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. రుమైథియాలో మా వీధిలో ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. పోలీసుల్లో, సైన్యంలో పనిచేసిన మగవాళ్ళ కోసం వెతుకుతున్నారు. మగవాడు దొరక్కపోతే పెళ్ళాన్ని పట్టుకుపోయి, వాడొచ్చి లొంగేదాకా వదలడం లేదని అందరూ చెప్పుకుంటున్నారు. మా ఇంటి యజమాని పోలీసు ఆఫీసరు. సైన్యం వచ్చిన రోజే ఎటో వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. అంత పెద్ద ఇంట్లో మిగిలింది నలుగురం. ఇంటి యజమానురాలు, ఆమె ఐదేళ్ళ కూతురు, డ్రైవరు, నేను. యజమానురాలిని మామా, అంటే అమ్మా, అని పిలవడం అక్కడి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరికీ అలవాటు. ఆమె నాకంటే ఓ రెండేళ్ళు చిన్నదే అయినా నాకూ మామానే.

డ్రైవరు కోనసీమ మనిషి. నేను కడప జిల్లా దాన్ని. మాటకు ముందు "ఆయ్" అంటాడని అతన్ని నేను, ప్రతిదానికీ గయ్యిమంటానని నన్ను అతను ఆటపట్టించుకుంటూ ఉండేవాళ్ళం. ముందు రోజు సాయంత్రం అతను వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడితే ముఖంలో నవ్వు లేదు.

"పక్కింటిదాకా వచ్చేసేరు చెల్లెమ్మా. రేపు మన వంతే. తెల్లారేసరికి ఇక్కడ ఉండకూడదు. ఊరి బయట ఆ కబ్ద్ కాడ జంతువుల తోటుంది కదా, అక్కడికెల్లి సాయంత్రందాకా ఉండొచ్చేద్దాం. పాపకి మేకపాలు కూడా దొరుకుతాయంట."

"దావలో మిలిటరోళ్ళు ఆపరా? మామాను చూస్తే తెల్దా యాడిదో?" అన్నాను.

"మనోళ్ళనైతే ఆపట్లేదు. ఇండియా అంటే పొమ్మంటన్నారు."

మామా ఈ మాటలన్నీ వింది. అర్థం కాకపోయినా అడిగి చెప్పించుకుంది. పాపకు పాలపొడి అయిపోయి చాలా రోజులైంది. బ్రెడ్డు నోట్లో పెడితే ఊసేస్తోంది. మామా లేచి నా గదిలోకి వచ్చింది. వంటింటి వెనక ఉన్న ఆ గదిలో నేను నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఆమె అందులో అడుగుపెట్టడం అదే మొదలు. తలుపు దగ్గర నిలబడి, "నీ బట్టలివ్వు" అంది.

ఊరికి పోయేటప్పుడు కట్టుకుందామని పెట్టెలో దాచుకున్న చీర తీశాను. పొద్దున్నే ఆమెకు కట్టాను. కుచ్చిళ్ళు పోస్తున్నప్పుడు ఆమె చిన్నపిల్లలా చేతులు పైకెత్తి నిలబడింది. తలకు కొబ్బరినూనె రాశాను, జడ వేశాను. బొట్టు దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. "ఇది వద్దులే మామా" అన్నాను. "పెట్టు. దేవుడికి తెలుసు" అని కళ్ళు మూసుకుంది. ఆ నుదుటి మీద బొట్టు పెడుతుంటే ఎవరింట్లోనో దొంగతనం చేస్తున్నట్టు సిగ్గేసింది నాకు.

పాపతో ఏ ఇబ్బందీ లేదు. ఏడాది పిల్లగా ఉన్నప్పటి నుంచీ నా చంకలో పెరిగింది. అరబ్బీ ఎంత వచ్చో నా తెలుగూ అంతే వచ్చు, అదీ అచ్చం మా కడప యాసలో. చుట్టాలొచ్చినప్పుడు మామానే దాన్ని ముందు నిలబెట్టి, "ఏదీ, ఆ మాటలు చెప్పు" అనేది. అది నడుం మీద చెయ్యి పెట్టుకుని "నాకొద్దు పో" అంటే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

పాత వ్యాను ఎక్కాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆట చెప్పాను. "ఈ పొద్దు నేను అమ్మ. మామా మన పెద్దమ్మ. నా మాటలే మాట్లాడాల. అరబ్బీ మాట్లాడితివా, ఆట పాయె." పాప తెగ సంబరపడింది. మామా పక్కనే కూర్చుని కొంగు ఎటు జారుతోందో చూసుకుంటోంది. అయినా, ఆ ఆట నేర్పమన్నది కూడా ఆమెనే.

దారిలో రెండు చోట్ల ఆపారు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "హిందీ, హిందీ" అన్నాడు, ఇండియా వాళ్ళమని. సైనికుడు లోపలికి ఒకసారి చూసి చెయ్యి ఊపాడు. అంతే. నా ఊరు ఎక్కడో, నేనెవరో తెలియని చోట నాకు అడ్డు లేదు. పుట్టి పెరిగిన చోట ఆమె నా చీర చాటున తల దించుకుని పోవాలి. గుండెలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్నాం గానీ, నాకు భయం కంటే ఈ సంగతే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తోటకు అంతకుముందు శుక్రవారాలు ఎన్నోసార్లు వెళ్ళాం. ఇసుకలో కంచె కట్టి, చింత చెట్టంత కూడా లేని సన్నాకుల చెట్లు నాలుగు పెంచి, జంతువుల్ని ఉంచారు. గాడిద మీద పిల్లల్ని తిప్పేవాళ్ళు. మేకలకు క్యారెట్లు పెట్టించేవాళ్ళు. నెమళ్ళు, కుందేళ్ళు, బాతులు, ఒక ఒంటె, పెద్ద నిప్పుకోడి కూడా ఉండేవి. కువైటీ కుటుంబాలు బుట్టల నిండా తిండి తెచ్చుకుని సాయంత్రందాకా కూర్చునేవి. మాలాంటి పనివాళ్ళం వెనక పిల్లల చెప్పులు పట్టుకుని తిరిగేవాళ్ళం.

ఇప్పుడు చూస్తే నిప్పుకోడి గూడు ఖాళీ. బాతుల గుంటలో నీళ్ళు పచ్చబడి ఉన్నాయి, బాతులు లేవు. కాపలా మనిషి ఈజిప్టు వాడు, ముసలాయన. "తినేశారు" అని డ్రైవరుతో మెల్లగా చెప్పాడు. మిగిలింది గాడిద, మేకలు, కొన్ని కుందేళ్ళు. ఆయన పాపను చూశాడు, తర్వాత మామాను చూశాడు. గుర్తుపట్టాడని నాకు తెలిసిపోయింది. ముఖం పక్కకు తిప్పుకుని, పాలు పితకడానికి గిన్నె తెస్తానని వెళ్ళిపోయాడు.

టికెట్లు అమ్మే గది నీడలో ఇద్దరు ఇరాకీ సైనికులు బూట్లు విప్పుకుని కూర్చున్నారు. వాళ్ళను చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగితే అనుమానం వస్తుందని డ్రైవరు చాప తీసి చెట్టుకింద పరిచాడు. పాప మేకల దొడ్డి దగ్గరకు పరిగెత్తింది. అక్కడ పడేసి ఉన్న గడ్డి ఏరుకుని కంచెలోంచి పెడుతూ, "తినే, తిను. కొరకబాక" అని మేకను గదమాయిస్తోంది. అచ్చం నా గొంతే. ఆ భయంలో కూడా నవ్వొచ్చింది.

అప్పుడు జరిగింది మా పొరపాటు. మాది అనడమెందుకు, నాదే. మూట విప్పి రొట్టె, టమాటా ముక్కలు తీశాను. చాప మీద ఇసుక నా కొంగుతో దులిపి మామాను కూర్చోబెట్టాను. ఆమెకు ముందు పెట్టాను. నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. నాలుగేళ్ళుగా రోజుకు మూడు పూటలా చేసిన పని, చేతులే చేసేశాయి. ఆమె కూడా అటు చూడకుండానే చెయ్యి చాచింది, నేను గ్లాసు అందించాను. డ్రైవరు "చెల్లెమ్మా, కూకో" అని పళ్ళ మధ్య నుంచి అనేసరికే మీసాలున్న సైనికుడు లేచి మా వైపు వస్తున్నాడు.

"ఈమె కూర్చుని తింటోంది. ఆమె ఎందుకు నిలబడింది?" అని అరబ్బీలో అడిగాడు.

"పెద్దావిడ. వాళ్ళక్క" అన్నాడు డ్రైవరు.

సైనికుడు మామా చేతుల వంక చూశాడు. అంట్లు తోమిన చేతులు కావవి. నేను నా చేతులు కొంగులో దాచుకున్నాను, అదేదో ఉపయోగం ఉన్నట్టు. అతను దొడ్డి దగ్గరకు వెళ్ళి పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి బిస్కెట్టు తీసి పట్టుకుని, "మీ అమ్మ ఏది?" అన్నాడు. పాపకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండాలని గుర్తుండి నోరు మూసుకుంది. అతను చేత్తో చూపించాడు. "ఆమెనా? ఈమెనా?"

పాప బెదిరిపోయింది. చేతిలో గడ్డి వదిలేసి మా వైపు పరిగెత్తుకొచ్చింది. చాప అంచున కూర్చున్న మామా తనకు తెలియకుండానే రెండు చేతులూ చాచింది. పాప ఆ చేతుల పక్కనుంచి వచ్చి, అడ్డమొచ్చిన మామా చేతిని తోసేసి, నా మెడ పట్టుకుని ఎగబాకింది.

"మా, నన్నెత్తుకో మా! ఆ మీసాలోడొద్దు. ఇంటికి పోదాం పా!"

సైనికుడు గట్టిగా నవ్వాడు. దగ్గరకొచ్చి బిస్కెట్టు నా చేతికిచ్చి, మామా వైపు తిరిగి, "ఎంతైనా పిల్లకు తల్లే కావాలి" అన్నాడు. మామా తల ఊపింది. ఊపక తప్పదు. అతను వెళ్ళి మళ్ళీ నీడలో కూర్చున్నాడు.

మేము బతికాం. ఆ మాట డ్రైవరు "గండం గడిచింది" అని గొణిగాడు కూడా. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పాప గుండె నా గుండె మీద దడదడ కొట్టుకుంటోంది. కాళ్ళు నా నడుం చుట్టూ బిగించింది. ఆట ఆడే పిల్ల అలా పట్టుకోదు. అది నాకు తెలుసు. చాచిన చేతులు మెల్లగా ఒళ్ళోకి తీసుకున్న మామాకూ తెలుసు.

మేకపాలు సీసాలో పోయించుకుని, పొద్దు వాలాక బయల్దేరాం. వ్యానులో పాపను మామా ఒళ్ళోకి మార్చబోయాను. "వద్దు, ఏడుస్తుంది" అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ ముఖం నేనెరుగుదును. రెండేళ్ళ కిందట సెలవుకు ఊరికి పోయినప్పుడు, మా అక్క దగ్గర వదిలొచ్చిన నా కూతురు నన్ను చూసి అక్క కుచ్చిళ్ళలో దాక్కుంది. బొమ్మ ఇచ్చినా రాలేదు. నేను అప్పుడు మా అక్కను అనరాని మాటలన్నాను, నా బిడ్డను నాకు కాకుండా చేశావని. అక్క తల దించుకుంది. ఎందుకు దించుకుందో ఆ వ్యానులో తెలిసొచ్చింది.

రుమైథియా చేరాక పాప ఆట అయిపోయిందనుకుని అరబ్బీలోకి మారింది. "మామా, నువ్వు బాగా ఆడావు. రేపు కూడా ఇలాగే ఆడదామా?" అని అడిగింది.

"ఆడదాం" అంది మామా.

ఇంటి తలుపు విరిగి వేలాడుతోంది. బీరువాలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, పరుపులు చీల్చేశారు. మేము ఇంట్లో ఉండి ఉంటే ఆమెను తీసుకుపోయేవాళ్ళే. డ్రైవరు తలుపు నిలబెట్టి బల్ల అడ్డం పెడుతుంటే, మామా ఆ చీరతోనే వంటింట్లోకి వెళ్ళింది. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో కూడా ఆమెకు తెలియదు. వెతుక్కుని పొయ్యి వెలిగించి, తనే పాలు కాచింది. చక్కెర వేసి చల్లార్చి గ్లాసులో పోసింది. నేను పాపను గట్టు మీద కూర్చోబెట్టి పక్కకు జరిగాను. మామా గ్లాసు నాకందించింది.

"నువ్వే తాగించు మామా. ఆట ఖలాస్" అన్నాను.

"పిల్ల ఆకలితో ఉంది. నీ చేత్తో అయితే తాగుతుంది. పట్టు" అంది. కోపం లేదు ఆ మాటలో. ఉంటే ఎంత బాగుండునో.

గ్లాసు తీసుకున్నాను. ఒక్క గుక్కయినా వద్దని మారాం చెయ్యమని, వాళ్ళమ్మ కావాలని ఏడవమని పాపను మనసులో బతిమాలుకున్నాను. అది నా చేతిలోంచి గటగటా తాగేసి, మూతి నా కొంగుకే తుడుచుకుంది.