ఉన్నవి, పోయినవి

రబ్బరక్కకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. బ్యాంకువాళ్ళు తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవరు. వాళ్ళు పిలిచినా ఆవిడ ఒక పట్టాన పలకదు. మొరాయించిన కంప్యూటరు ఎవరు తెచ్చినా ముందు పెట్టె విప్పుతుంది. లోపల జానెడు కూడా లేని సన్నటి పలక ఉంటుంది, అదే మెమరీ. దాన్ని ఊడదీసి, అంచున ఉన్న బంగారు రంగు పళ్ళను పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది, మళ్ళీ నొక్కుతుంది. సగం రోగాలు అక్కడితో కుదురుతాయి. మిగతా సగానికి కూడా మందు తన దగ్గరే ఉందని ఆవిడ నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చిత్రమేమిటంటే, లెక్కపెట్టి చూస్తే ఆవిడ కుందేళ్ళకు చాలాసార్లు మూడే ఉంటాయి.

చాలా ఏళ్ళ కిందట ఆవిడ ఒక ఆఫీసులో టైపు పని చేసేది. తన కంప్యూటరు మాటిమాటికీ ఆగిపోయేది. బాగుచేసే మనిషి దర్జాగా వచ్చి, అందరినీ అవతలికి పొమ్మని, ఏదో రుద్ది, బిల్లు రాసి వెళ్ళేవాడు. ఒకరోజు ఆవిడ అవతలికి పోలేదు. ఓస్, ఇంతేనా అనుకుంది. ఆ తర్వాత అతను ఆ ఆఫీసు గడప తొక్కాల్సిన పని పడలేదు. ఆఫీసు మూసేసిన రోజున తలా ఒక గోడగడియారం ఇచ్చి పంపితే, ఆవిడ గడియారం వద్దని, మెట్ల కింద పడేసిన పాత కంప్యూటర్లు అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు తమ్ముడి కంప్యూటర్ల దుకాణంలో వెనక సగం ఆవిడది. ముందు సగంలో అద్దాల అలమరలు, విప్పని అట్టపెట్టెలు, తమ్ముడు, తమ్ముడి ఇస్త్రీ చొక్కా. వెనక సగంలో పొడుగు బల్ల, దీపం, అమ్మ వంటింట్లోంచి తెచ్చుకున్న రెండు రేకు డబ్బాలు. ఒక డబ్బా మీద ‘ఉన్నవి’ అని, రెండోదాని మీద ‘పోయినవి’ అని మార్కరుతో రాసి ఉంటుంది. ప్రాణమున్న పాత మెమరీ పలకలు మొదటిదాంట్లో, చచ్చినవి రెండోదాంట్లో. చచ్చినవాటిని దాచుకోవడం ఎందుకని తమ్ముడు ఎన్నోసార్లు అడిగాడు. ఏది పోయిందో కళ్ళెదుట ఉంటే మనిషి మోసపోడని ఆవిడ జవాబు. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఆ దుకాణాన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. కాకపోతే ఆ రోతలోంచి వచ్చే బేరాలతోనే నెలలో సగం రోజులు దీపాలు వెలుగుతాయి.

తమ్ముడికి ఒక్కతే కూతురు. అది ఆడే కంప్యూటరు ఆట అయిదుగురు జట్టుగా ఆడేది. ఇన్నాళ్ళూ స్నేహితురాలి ఇంట్లో, వాళ్ళన్నయ్య లేని వేళల్లో అతని కంప్యూటరు మీద ఆడుకునేది. అంత మాత్రానికే మంచి పేరు తెచ్చుకుంది. ఒక పెద్ద జట్టులో చోటు ఖాళీ అయితే, ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట ఆడి చూపించమని కబురొచ్చింది. ఆ అవకాశం మళ్ళీ రాదు. సొంత కంప్యూటరు కావాలి. తమ్ముడు వచ్చే ఏడాది చూద్దామన్నాడు. కొత్త మెమరీ ధరలు మండిపోతున్నాయని అమ్మేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

రబ్బరక్క ఊరుకోలేదు. తన దగ్గరున్న పాత బోర్డుకు పాతరకం మెమరీయే సరిపోతుంది, కొత్తరకం పెడదామన్నా దూరదు. మెమరీ మీద మిగిలే డబ్బంతా బొమ్మలు చూపించే కార్డు మీద పెడితే ఆట నీళ్ళలా సాగుతుంది. తమ్ముడు నవ్వాడు. తన దుకాణంలో తన కూతురే చెత్త పోగేసి చేసిన కంప్యూటరు మీద ఆడితే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. ఆ చెత్త అన్న మాట ఆవిడకు చురుక్కున తగిలింది.

“ఆట మధ్యలో అది ఆగితే, ఈ డబ్బాలు నేనే ఎత్తి బయట పారేస్తాను. వెనక సగం కూడా నువ్వే తీసుకో” అంది.

అంతటి మాట అనేసిందే గాని, భయపడలేదు. ‘ఉన్నవి’ డబ్బాలోంచి ఒకే కంపెనీవి, ఒకే వేగానివి రెండు పలకలు ఏరింది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే రెండోదీ కుంటాల్సిందేనని, జత కుదరడమే ముఖ్యమని మేనకోడలికి పాఠం చెప్పింది. రెంటినీ రుద్ది, టక్కుమనేదాకా నొక్కింది. రోజంతా ఆడించి చూసింది. ఎక్కడా తొణకలేదు. పలకలు పెట్టే గాడులు ఇంకో రెండు ఖాళీగా ఉన్నాయి కదత్తా అని పిల్ల అడిగితే, ఖాళీగా ఉన్నంత మాత్రాన నింపాలని లేదంది.

ఆదివారం అసలు ఆటకు గంట ముందు, పిల్ల చెయ్యి అలవాటు కోసం ఒక ఆట మొదలుపెట్టింది. కాసేపటికి తెర నీలంగా మారి కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆగింది.

“ఆగింది కదక్కా” అన్నాడు తమ్ముడు. గట్టిగా కూడా అనలేదు.

రబ్బరక్క దీపం దగ్గరికి జరుపుకుంది. పెట్టె మూత తీసి చూస్తే, తాను పెట్టినవి రెండైతే లోపల నాలుగున్నాయి. కొత్తగా చేరినవాటిలో ఒకదానికి మూల విరిగి ఉంది. ఆ మధ్య దాన్ని చేత్తో పట్టుకుని, వేడెక్కితే తెలివి తప్పుతోందని తేల్చి, ‘పోయినవి’ డబ్బాలో వేసింది తానే. తలెత్తి మేనకోడలి వంక చూసింది. పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఆవిడకు ఒళ్ళు మండింది. డబ్బా మీద అంతేసి అక్షరాలతో రాసి పెట్టినా చచ్చినవాటినే ఎందుకు తీసిందో అర్థం కాలేదు. ఒక్క మాట చెబితే తన పరువు దక్కుతుంది. కాని ఇప్పుడు తిడితే పిల్ల చేతులు వణుకుతాయి, వణికే చేతులతో ఆట ఆడలేదు. పరువు కాసేపు ఆగగలదు, ఆట ఆగదు.

“అవున్రా, ఆగింది. వెలుతురుకు అడ్డం తప్పుకో” అని తమ్ముణ్ణి పక్కకు జరిపింది. చచ్చిన రెండింటినీ పీకి గుప్పిట్లో దాచుకుంది. తనవి రెండూ తీసి, అవసరం లేకపోయినా అలవాటు కొద్దీ రుద్ది, మళ్ళీ నొక్కింది. తెర వెలిగింది.

“అత్తా, నేను…” అంది పిల్ల.

“తర్వాత. ముందు ఆడు. ఇక ఆగదు.”

ఆగలేదు. తెర మీద ఎవరు ఎవర్ని తరుముతున్నారో ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి వేడి చూస్తూ కూర్చుంది. చివర్లో పిల్ల చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, జట్టులోకి తీసుకున్నారని చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. తమ్ముడు కూతురి తల నిమిరాడు.

రబ్బరక్క లేచింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, డబ్బాలు రెండూ చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. మాటంటే మాటే. తమ్ముడు నోరు తెరిచేలోపు పిల్ల అడ్డం వచ్చి నిలబడింది.

“ఆపింది నేను నాన్నా. నిన్న ఇంకో రెండు నేనే పెట్టాను. ఎక్కువుంటే మంచిదనుకున్నా.”

“మరి పోయినవి ఎందుకు తీశావే?” అంది రబ్బరక్క. అప్పటిదాకా అణచుకున్న కోపమంతా ఆ ప్రశ్నలోకి వచ్చింది.

“పోయినవంటే అమ్ముడుపోయినవి అనుకున్నానత్తా. ఎవరో ఏరి కొనుక్కుని నీ దగ్గర ఉంచారు కాబట్టి మంచివే అయ్యుంటాయని. వాళ్ళొచ్చేలోపు తిరిగి డబ్బాలో పెట్టేద్దామనుకున్నా.”

రబ్బరక్కకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. తమ్ముడు నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. ఆవిడ చంకలోంచి డబ్బాలు అందుకుని, రెండోదాని మీది అక్షరాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మ పోయిందని నువ్వు ఫోన్ చేసినప్పుడు, ఎక్కడికి అని అడిగానక్కా నేను” అన్నాడు.

ఆవిడ మరిచిపోలేదు. వాడు వేళాకోళమాడుతున్నాడనుకుని ఆరోజు ఫోన్ పెట్టేసింది. వాడు మళ్ళీ చేసినప్పుడు గాని, ఆ తర్వాత ఇన్నేళ్ళలో గాని, ఆ సంగతి ఇద్దరి మధ్యా రాలేదు. వాడికి నిజంగానే అర్థం కాలేదని ఇప్పుడు తెలిసింది. పాపం వెధవ, అనుకుంది, కళ్ళు చెమ్మగిల్లాయి.

తమ్ముడు డబ్బాలు తీసుకెళ్ళి వాటి చోట వాటిని పెట్టాడు. మార్కరు తీసి ‘పోయినవి’ బదులు ‘పనికిరానివి’ అని రాయబోయాడు.

“ఉండనీరా” అంది రబ్బరక్క. “ఇప్పుడు ముగ్గురికీ అర్థం తెలిసింది కదా.”