'ఏ పైలి?' అని అడిగే మా బావ

మా బావ అవిరాచ్చన్‌కు పేరు చెబితే చాలదు. ఎవరి పేరైనా సరే, ఎంత తొందరలో చెప్పినా సరే, ఆయన నోటి నుంచి వచ్చే మొదటి ముక్క "ఏ" అనేది. ఏ వర్కీ, ఏ మత్తాయి, ఏ పైలి. ఇల్లు అంటుకుంది మొర్రో అని వర్కీ పరిగెత్తుకొచ్చినా, ముందు వచ్చింది ఏ వర్కీయో తేలాలి, తర్వాతే బిందె ముట్టుకోవాలి. అదీ ఆ మహానుభావుడి వరస.

ఇందులో సగం తప్పు కేరళలోని మా కల్లార్‌కర ఊరివాళ్లది. మా క్రైస్తవుల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టాలి. పైలి అనే తాతకు అయిదుగురు కొడుకులుంటే అయిదిళ్లలో అయిదుగురు పైలిలు తయారు. ఇంటిపేరూ ఒకటే. మా చర్చి ఫాదర్లకు కొత్త పేరు రాయడం ఎలాగో కూడా మరుపొచ్చి ఉంటుంది. అందుకని ఊరివాళ్లు చేసే పనిని బట్టి పోల్చుకుంటారు: రొట్టెల పైలి, బస్సు పైలి, పశువుల పైలి, పెట్టెల పైలి. పెట్టెలంటే శవపేటికలు.

ఊరు అక్కడితో ఆగిపోతుంది. మా బావ అక్కణ్ణించి మొదలుపెడతాడు. ఆయన సబ్ రిజిస్ట్రార్ కచేరీ ముందు కూర్చుని దస్తావేజులు రాసి రాసి ముసలివాడైనవాడు. ఒకే పేరున్న మనుషులను విడదీయకపోతే ఒకడి పొలం ఇంకొకడికి పోతుందని ఆయనకు పట్టుకున్న భయం, పని మానేసినా వదల్లేదు. ఎవడు ఏ క్లాసు తప్పాడు, ఎవడి ఉద్యోగం ఎందుకు ఊడింది, ఎవడి మీద ఏ కోర్టులో ఏ కేసు నడిచింది, అన్నీ నోటికే. అడగకపోయినా చెబుతాడు. అడిగితే మాత్రం ఆ పూట మీకు అన్నం ఉండదు.

మా పత్రికల్లో పోయినవాళ్ల ఫొటోలకు ఒక నిండు పేజీ ఉంటుంది. లోకమంతా మొదటి పేజీ చదివితే మా బావ ఆ పేజీ చదువుతాడు. ఒకరోజు పొద్దున్నే వంటింటి వైపు తిరిగి, "ఏలీ, మత్తాయి పోయాడు" అన్నాడు.

మా అక్క ఏలికుట్టి చేతిలో గరిటె కిందపడింది. నా పేరు మత్తాయి.

"అయ్యో నా తమ్ముడు" అని ఆవిడ రాగం ఎత్తుకుంది.

"ఏ మత్తాయి అని అడగవేం? ముందే ఏడుస్తావు. ఇతను తపాలా మత్తాయి. ఊరివాళ్ల ఉత్తరాలు విప్పి చదివి మళ్లీ అంటించేవాడు. అంటించడమూ సరిగ్గా చేతకాలేదు, సస్పెండయ్యాడు."

"పొద్దున్నే మీ నోరు పడిపోను" అంది మా అక్క. ఆ ఇంట్లో ఉదయ ప్రార్థన రోజూ అలాగే ముగుస్తుంది.

నా పెళ్లి సంగతి చెబితే మీకే కోపం వస్తుంది. పెళ్లికి ముందు ఆదివారాలు చర్చిలో ఫాదర్ వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అంటారు. మా తాతల కాలం నుంచీ ఎవడూ నోరు విప్పిన పాపాన పోలేదు. "కుర్యాక్కో కొడుకు మత్తాయి" అని ఫాదర్ చదవడం, మా బావ లేచి నిలబడటం ఒకేసారి జరిగాయి.

"ఏ మత్తాయి, ఫాదర్?"

"కుర్యాక్కో కొడుకని చెప్పానుగా అవిరాచ్చా, కూర్చో."

"కుర్యాక్కో కొడుకులైన మత్తాయిలు ముగ్గురున్నారు. ఒకడికి పెళ్లయిపోయింది. ఒకడు ఫాదర్ అవుతానని వెళ్లి సెమినరీ గోడ దూకి వచ్చాడు. మూడోవాడు మా బావమరిది, పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. ఆ మూడోవాడైతే నాకు అభ్యంతరం లేదు."

మా ఆవిడ తరఫువాళ్లు అప్పటిదాకా నేను కాలేజీ గడప తొక్కానని అనుకుంటున్నారు. పెళ్లయితే ఆగలేదు కానీ, మా ఆవిడకు కోపం వచ్చినప్పుడల్లా ఆ రెండుసార్లు ఇప్పటికీ బయటికొస్తాయి. ఇలాంటి మనిషిని ప్రేమించమంటే ఎలా ప్రేమిస్తాను?

ఇక పెట్టెల పైలి దగ్గరికొస్తాను. మా ఊళ్లో అంత నెమ్మదైన మనిషి ఇంకొకడు లేడు. కానీ ఇరవయ్యేళ్ల వయసులో ఒక పాడు పని చేశాడు. ఎవరో చెట్టుపాలతో చేసి ఎండలో ఆరేసుకున్న రబ్బరు షీట్లు ఎత్తుకుపోతూ దొరికిపోయాడు. పత్రికలో ఫొటో పడింది, సబ్ జైల్లో కొన్నాళ్లు ఉన్నాడు. తిరిగొచ్చి ఉలి పట్టినవాడు మళ్లీ తలెత్తలేదు. పెళ్లాం, కూతురు, చెక్క, ఇంతే. ఊరు ఆ సంగతి మరిచిపోయింది. మరిచిపోవడం చేతకానివాడు ఊరికి ఒక్కడే, అతను ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పైలి కూతురు సెలిన్ నర్సు. అదే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే కుర్రాడూ తనూ ఇష్టపడ్డారు. కుర్రాడి మేనమామలు కాంజిరప్పళ్ళి నుంచి విచారణకు వస్తారని కబురు తెలిసింది. మాలో ఈ విచారణ లేనిదే పెళ్లి లేదు. పిల్ల ఇంటికి దగ్గర్లోని టీకొట్లో ఎవరో దారినపోయేవాళ్లలా కూర్చుని కూపీ లాగుతారు. ఎందుకొచ్చారో కొట్లో కుక్కకు కూడా తెలుసు. మా ఊరికి వచ్చే ప్రతి విచారణా చివరికి మా బావ దగ్గరికే చేరుతుంది. చుట్టుపక్కల మూడు చర్చిలవాళ్లకూ ఆయన మాట రిజిస్టరైన దస్తావేజుతో సమానం.

ముందురోజు సాయంత్రం పైలి మా వాకిట్లో నిలబడ్డాడు. చేతుల నిండా రంపపు పొట్టు.

"మత్తాయిచ్చా, రేపు వాళ్లొస్తున్నారు. ఆ పూట అచ్చాయన్, అదే మీ బావగారు, ఊళ్లో లేకుండా చెయ్యగలవా?"

"కుర్రాడికి ఆ పాత సంగతి తెలుసా?"

"సెలిన్ ముందే చెప్పింది. అతనికి పట్టింపు లేదట. మేనమామల చెవిన పడితే మాత్రం ఇక మాట్లాడేది లేదు. అచ్చాయన్ మంచివారే, కానీ అబద్ధం ఆడరు కదా. నా తప్పు నా పిల్లకు తగలకూడదు, మత్తాయిచ్చా."

నేను గుండెల మీద చెయ్యేసుకుని, నాకు వదిలెయ్యమన్నాను.

తెల్లవారి పత్రికలో పోయినవాళ్ల పేజీ తిరగేస్తే, పైవరసలోనే తొడుపుళ దగ్గర వర్కీ మాస్టారు. మా బావతో చదువుకున్న వర్కీ మాస్టారు ఆ వైపువాడే. దేవుడు నా పక్షాన ఉన్నాడనుకుని పత్రిక మడిచి చంకలో దోపుకుని, వాళ్లింట్లో పత్రిక పడకముందే మా అక్క ఇంటికి పరిగెత్తాను.

"బావా, వర్కీ పోయాడు."

"ఏ వర్కీ?"

"మీతో చదువుకున్న మాస్టారు. ఇవాళే భూస్థాపన."

నేను ఎదురుచూసింది ఒక ఉపన్యాసం. ఆయన మాత్రం కాసేపు గొడుగు కర్ర పట్టుకుని కూర్చుని, తెల్లచొక్కా తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోతూ టీకొట్టుకు చేరాను.

మేనమామలు ఇద్దరూ దిగారు, ఒకడు లావు, ఒకడు బక్క. పాడిఆవు కొనడానికి వచ్చామన్నారు.

"ఆవులు అటువైపు. పెళ్లికూతురి ఇల్లు ఇటువైపు. ముందు టీ తాగండి" అన్నాడు కొట్టు కుంజప్పి.

అక్కణ్ణించి అంతా సాఫీగా నడిచింది. పైలి మంచివాడని నేనన్నాను, పిల్ల బంగారమని కుంజప్పి అన్నాడు. పప్పువడలు కూడా బాగా అమ్ముడయ్యాయి. అప్పుడు బక్కాయన గ్లాసు కింద పెట్టాడు.

"బస్సులో ఎవరో అన్నారు. ఈ ఊరి పైలి ఒకడు రబ్బరు షీట్ల కేసులో లోపలికెళ్లి వచ్చాడట. ఈయనేనా?"

రోడ్డుకు అవతలే పైలి కొట్టం. అక్కడ సుత్తి చప్పుడు ఆగిపోయింది. నేను ఏదో ఒకటి అనబోయేలోపు కొట్టు ముందు జీపు ఆగింది. అందులోంచి ముందు గొడుగు, తర్వాత మా బావ, ఆయన వెనకాలే నిక్షేపంలా ఉన్న వర్కీ మాస్టారు దిగారు.

"ఎక్కడ వాడు? ఎక్కడ మా బావమరిది?" అన్నాడు మా బావ. "నేను బస్సెక్కాను. దారిలో వీడూ ఎక్కాడు. నా పక్కనే కూర్చుని ఎక్కడికిరా అవిరా అన్నాడు. నీ భూస్థాపనకే అన్నాను."

"పైగా నిజమో కాదో అని నన్ను గిల్లాడు" అన్నాడు వర్కీ మాస్టారు, మోచెయ్యి రుద్దుకుంటూ. "కుంజప్పీ, నాకో టీ."

"పోయినవాడు డ్రిల్లు మాస్టారు వర్కీ. పిల్లలను ఎండలో నిలబెట్టి తను నీడలో నిద్రపోయేవాడు. ఏ వర్కీ అని పత్రికలో ఫొటో కేసి ఒక్కసారి చూసుంటే తెలిసేది. పదో తరగతి ఊరికే తప్పుతారా?"

నా పరువు గంగలో కలిసింది, అది కొత్త కాదు. నా భయమల్లా పక్క బల్ల గురించి. బక్కాయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"అవిరాచ్చన్ మీరేనా? మీ మాటకు తిరుగులేదని విన్నాం. రబ్బరు షీట్ల కేసు పైలి..."

"ఏ పైలి?"

నేను కళ్లు మూసుకున్నాను.

"ఔసేప్ కొడుకు పైలి అట. పెట్టెలు చేసే ఆయన తండ్రి కూడా ఔసేపే కదా?"

మా బావ ఆ పెద్దమనిషిని చెప్పుల నుంచి తలదాకా చూశాడు.

"ఔసేప్ కొడుకు పైలి. ఈ జిల్లాలో కళ్లు మూసుకుని రాయి విసిరితే ఒక ఔసేప్ కొడుకు పైలి 'అబ్బా' అంటాడు. దొడ్లో ఆవును కొన్నా ఏ ఆవు అని అడిగి కొంటారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ పాటి జ్ఞానం ఉండదా? రబ్బరు దొంగ పైలి క్వారీ దగ్గర ఉండేవాడు. మెడ దాకా జుట్టు, పువ్వుల చొక్కా, ఎవరు చెప్పినా వినని వెధవ. వాడి సంగతా మీకు కావలసింది?"

"వాడు వేరేనా? ఇప్పుడెక్కడున్నాడు?"

"లేడు. పోయాడు."

మా ఊళ్లో అలాంటి రెండో పైలి లేడని నాకు తెలుసు, కుంజప్పికి తెలుసు, వడలు తింటున్న ప్రతివాడికీ తెలుసు. పేరులో ఇంటిపేరు తప్పు పడితే దస్తావేజు చించి మళ్లీ రాసే మనిషి, కళ్లార్పకుండా ఒక కొత్త మనిషిని పుట్టించి చంపేశాడు.

"అవునవును, పోయాడు" అన్నాను. "నేను భూస్థాపనకు కూడా వెళ్లాను."

"మా బావమరిది" అన్నాడు మా బావ. "వీడు పోయాడన్నవాళ్లందరూ పోయినవాళ్లే అనుకోకండి. పొద్దున ఈ వర్కీని కూడా వీడే చంపాడు. కానీ ఆ పైలి మాత్రం నిజంగానే లేడు."

"వాడు మా కోడిపుంజును కూడా ఎత్తుకుపోయాడు" అన్నాడు వర్కీ మాస్టారు, వడ నములుతూ.

"నా గ్లాసులు" అన్నాడు కుంజప్పి.

చూస్తుండగానే ఆ లేని పైలి మా ఊళ్లో పోయిన ప్రతి కొడవలికీ, పనసపండుకీ బాధ్యుడైపోయాడు. మా ఊరివాళ్లకు సందు దొరకాలే కానీ.

"మరి పెట్టెల పైలి?" అని లావాయన అడిగాడు.

"ఆయన మీద నాకొక ఫిర్యాదుంది." మా బావ గొంతు సవరించుకున్నాడు. "పెట్టె మరీ నున్నగా చేస్తాడు. పడుకునేవాడు ఎలాగూ చూడడు, చూసేవాళ్లకు కుళ్లు. దండగ పని. ఇంకేం లేదు."

మేనమామలు టీ తాగి, ఆవు మాటే ఎత్తకుండా బస్సెక్కారు. అవతల సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది.

ఇంటికి నడుస్తుంటే నాకు ఆగలేదు. "బావా, పుట్టి బుద్ధెరిగాక మీరు తప్పు వివరం చెప్పడం ఇదే మొదటిసారి చూడటం. అలాంటి అబద్ధం ఎలా వచ్చింది నోటికి?"

"ఏది అబద్ధం? మెడదాకా జుట్టు, పువ్వుల చొక్కా, మాట వినని వెధవ. అలాంటి పైలి ఉండేవాడా లేడా?"

"ఉండేవాడు. ఈ పైలే కదా వాడు."

"ఈ పైలిలో వాడెక్కడున్నాడో చూపించు. నేను ఇన్నేళ్ల నుంచీ రోజూ చూస్తున్నాను, ఒక్కసారి కూడా కనబడలేదు. ఏ పైలి అని అడగడం నేర్చుకోరా అంటే వినవు. నీకూ ఆ మేనమామలకూ ఏమిటి తేడా?"

నాకు సిగ్గు వేసింది కానీ, ఆ మాట ఆయనతో అనలేదు. అంటే ఊరంతా చెబుతాడు.

ఆదివారం చర్చిలో ఫాదర్ "పైలి కూతురు సెలిన్" దాకా చదివి ఆగారు. చర్చి చర్చంతా మా బావ కేసి తిరిగింది. మా అక్క ఆయన పంచె కొంగు గట్టిగా పట్టుకుంది.

"నన్ను చూస్తారేం? చదవండి ఫాదర్" అన్నాడు మా బావ. "మన పెట్టెల పైలే."

పెళ్లి పిలుపుకు పైలి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. శుభలేఖ ఇచ్చాడు, కర్రపెండలం చేపల కూర తిన్నాడు, అయినా కదలడు. మాటలు రాని మనిషి, గడప దగ్గర తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అచ్చాయా, ఆ పోయిన పైలికి ఊరికే వదిలెయ్యడం బాగుండదేమో. ఒక పెట్టె చేద్దామనిపిస్తోంది. కొలతే తెలీదు."

మా బావ పత్రికలోంచి తలెత్తి, కళ్లజోడు సర్దుకుని, అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"నీ కొలతే. కాకపోతే అప్పట్లో కాస్త బక్కగా ఉండేవాడు."

పైలి నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మా బావ మళ్లీ పత్రికలోకి వంగి, ఎవడో చాండీ పోయాడని మా అక్కకు కేకేశాడు. "ఏ చాండీ?" అని అడిగింది మాత్రం నేనే.