కాశన్న బావ కొలిచిన కొండ

మా బావ కాశన్నకు బేతంచెర్లలో మంచి పేరుంది. ముప్పై ఏళ్లుగా పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోస్తున్నాడు. రాతిని వేలితో తట్టి లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. మనుషుల దగ్గర మాత్రం ఆ వేలు పనిచెయ్యదు. చేసుంటే మేనకోడలి పెళ్లిలో, నిండు పంక్తిలో, కన్నతల్లిని ఆ మాట అనేవాడా?

వాళ్లమ్మ రామలక్ష్మమ్మత్త దగ్గర ఒకే ఒక్క ఆయుధం ఉంది. బావకు ఐదేళ్లప్పుడు సీతాఫలాలకని ఇద్దరూ కొండెక్కితే, పైన అతన్ని పాము కరిచింది. అత్త పిల్లాణ్ణి చంకనేసుకుని, చుట్టుదారి వదిలేసి, రైల్వే స్టేషన్ వైపు నిలువునా దిగి ఆసుపత్రికి చేర్చింది. అంతే, ఇక చూసుకోండి. బావ కూరలో ఉప్పు తక్కువంటే చాలు, "ఆ కొండ మింద నుంచి మోసుకోనొచ్చినా రా నిన్ను!" అంటుంది. యాభై ఏళ్లుగా వింటున్నాడు పాపం. ఆ రోజు పంక్తిలో ఆమె మళ్లీ ఎత్తుకుంటే, "ఆ వాలుది కూడా ఒక కొండేనా మా? ముసిలోల్లు గూడా నడుచుకుంటా దిగుతారు. అన్నీ కోతలు!" అనేశాడు. జనం ఘొల్లుమన్నారు. అత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

ఆ రోజు నుంచి కొడుకుతో మాట బంద్. ఒకే ఇంట్లో ఉంటూ, కొడుకు ఎదురుగా కూర్చునుంటే, మా అక్క గంగాదేవితో "మీ ఆయన్ని అన్నానికి రమ్మను" అంటుంది. నాలుగు నెలలు ఇదే వరస. బావ పైకి మీసం దువ్వుకున్నాడు గానీ, లోపల కుమిలిపోతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే హైస్కూల్ డ్రాయింగ్ టీచర్ జీవిత మేడం బావ దగ్గరికి ఒక మ్యాపు పట్టుకొచ్చింది. బడి ఆవరణలో మన కొండనే బండలతో పేర్చాలట. మ్యాపు నిండా వంకర గీతలు. ఒక్కో గీత మీద ఎక్కడ నిలబడినా ఎత్తు ఒకటే, గీతలు ఎడంగా ఉంటే వాలు, దగ్గరగా ఉంటే నిలువు అని ఆమె చెప్పింది. ఒక్కో గీతకు ఒక్కో బండ కోసి, ఒకదానిమీద ఒకటి పెడితే కొండ లేస్తుంది. బావ సంబరపడిపోయాడు. అంతలోనే మ్యాపు మీద తిరుగుతున్న ఆయన వేలు స్టేషన్ వైపు వచ్చి ఆగిపోయింది. అక్కడ గీతలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఈ మ్యాపు తప్పు మేడం."

"ఉపగ్రహం నుంచి తీసింది సార్ ఇది."

"ఉపగ్రహం ఈడికొచ్చి ఎక్కి చూసినాదా?"

మ్యాపు ఒప్పయితే వాళ్లమ్మ మాటా ఒప్పే అవుతుంది కదా, అదీ ఆయన బాధ. తను మాత్రం ఎక్కి చూశాడా అంటే అదీ లేదు. ప్లాట్‌ఫాం మీద నుంచి చూస్తే అటువైపు పొదలన్నీ కలిసి మెత్తటి వాలులా కనబడతాయి, అంతే.

ఆదివారం నీళ్ల ట్యూబు తీసుకుని నన్ను స్టేషన్ వైపు కొండ కిందికి లాక్కెళ్లాడు. మేస్త్రీలు గోడల మట్టం చూసే ట్యూబే. కింద నేను నా నెత్తి ఎత్తున ఒక కొస పట్టుకోవాలి. పైన నీళ్లు ఏ రాయి దగ్గర నిలిస్తే ఆ రాయికి బావ తెల్లపొడితో గీత పెడతాడు. నేను ఆ గీత దగ్గరికి ఎక్కాలి. మళ్లీ మొదలు. అడుగున పెట్టిన నాలుగైదు గీతల్లో, నా నిలువెత్తు ఎక్కడానికి గీతకూ గీతకూ మధ్య పన్నెండడుగులు నడవాల్సి వచ్చింది. "చూసినావా? వాలే!" అని బావ గంతులేశాడు.

నేను ట్యూబు వైపు చూశాను. మధ్యలో చింతగింజంత గాలిబుడగ! బుడగ ఉంటే మట్టం తప్పుతుందని కూలోళ్లను నిలబెట్టి తిట్టే పెద్దమనిషికి ఆ పూట కండ్లు కనపడలేదు. చూపించాను. ఇక రెండు రోజులు బావకు నాతో మాట బంద్.

పై ఆదివారం బుడగ తీసి మళ్లీ ఎక్కాం. సగం కొండ దాటాక అడుగులు లెక్కపెట్టే పనే లేకపోయింది. గీత మీద గీత నిలువుగా పడుతోంది. ఒక చోట చారెడు అరుగు మీద కాలు మోపి, బావ కిందికి చూశాడు. చూసి, అట్లే చతికిలబడ్డాడు.

"రేయ్ గోపీ, నా చెయ్యి ఇడవద్దు రా."

"నడుచుకుంటా దిగుతారు కదా బావా ముసిలోల్లు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉత్త చేతులతో నాకే కావడం లేదు. నన్నెత్తుకోని ఈడ ఎట్ల దిగిందిరా?"

నాకు ఇక పరాచికాలాడబుద్ధి కాలేదు. పట్టి పట్టి పైకెక్కించి, చుట్టుదారిన ఇంటికి తీసుకొచ్చాను.

అత్త వసారాలో శెనక్కాయలు వలుస్తోంది. బావ ఒంటినిండా తెల్లపొడితోనే వెళ్లి ఆమె ముందు కూర్చున్నాడు. తప్పయిందనడం ఆయనకు చేతకాదు. చేటలోంచి నాలుగు కాయలు తీసి తనూ వలుస్తూ, "అమా, నడుమ అరుగు తావ కాలు పెట్టే చోటే లేదే. యాడ పెట్టినావు మా?" అన్నాడు.

అత్త తలెత్తింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి కొడుకు వైపు చూసి మాట్లాడింది.

"ఏమో నాయనా, నేను కిందికి చూస్తే కదా. నువ్వు యాడ కండ్లు మూస్తావోనని, నీ మొగమే చూసుకుంటా దిగినా."