సోమమ్మ పోసిన మంచినీళ్లు

చాయ్ తాగేముందు గ్లాసును కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూడడం లియాఖత్ అలీకి అలవాటు. రంగు చూడనిది ఏదీ ఆయన గొంతు దిగేది కాదు. భార్య అన్వరీ బేగం నవ్వేది. "ఎన్ని మార్కులు పడ్డయో చెప్పుండ్రి మరి. పాసయితే తాగుండ్రి, ఫెయిలయితే నేను తాగుత."

ఆ చూపు తండ్రి యాకూబ్ నుంచి వచ్చింది. నల్లగొండలో యాకూబ్‌ది రంగులద్దే దుకాణం. వెలిసిన చీరకు, పాత దుపట్టాకు మళ్లీ ప్రాణం పోసేవాడు. గిరాకీ తెచ్చిన గుడ్డపేలికకు సరిగ్గా అతికే రంగు కలపడమే అక్కడి విద్య. "ముందుగాల వెలుతురు చూడు, ఎన్క రంగు చూడు" అని కొడుకుకు నేర్పాడు. తరువాత నైలాను చీరలొచ్చాయి, అద్దకం అడిగేవాళ్లు తగ్గారు, దుకాణం మూతపడింది. లియాఖత్ నీళ్లు పరీక్షించే ఒక సర్కారు ఆఫీసులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాడు. అక్కడా పని రంగులు చూడడమే కావడం ఆయన అదృష్టం.

ఆ జిల్లా బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. పిల్లల పళ్ల మీద గోధుమ చారలు, నడీడు వాళ్లకు వంగిన నడుములు దాని పనే. పరీక్ష చూడడానికి తేలిక. నీళ్లలో ఎర్రటి మందు కలిపితే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ ఎరుపు విరిగి పసుపుకు తిరుగుతుంది. పక్కన తెలిసిన మోతాదులు కలిపిన గాజుగొట్టాలు వరుసగా నిలబెడతారు. ఏ గొట్టంతో రంగు కలిస్తే అదే లెక్క. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ బోరింగుకు ఎర్రరంగు పూస్తారు. అంటే తాగొద్దని.

ఒకటిన్నర గొట్టానికీ రెండు మిల్లీగ్రాముల గొట్టానికీ నడుమ ఉన్న రంగు మనుషులను ఎంత సతాయిస్తుందో లియాఖత్‌కే తెలుసు. మబ్బు పట్టిన రోజు గొట్టాలు ముట్టేవాడు కాదు. పొద్దు వాలినాక చూసింది మళ్లీ పొద్దున చూసేవాడు. ఒకసారి తన కన్నును తానే పరీక్షించుకుందామని ఒకే నీళ్లను వేరువేరు సీసాల్లో పోయించి, ఏది ఏదో తెలియకుండా చూశాడు. లెక్కలు కలవలేదు. కెమిస్టు రామేశ్వర్ సారుకు చెబితే ఆయన తల ఊపాడు.

"నిజమే లియాఖత్ భాయ్. కానీ జర అటో ఇటో అని రాస్తే పైన తీసుకోరు. ఒక్క అంకె రాయాలె."

ఒక్క అంకే రాసేవాడు. రాసిన ప్రతిసారీ ఆ అంకెకు ఇరుపక్కలా ఉన్న జాగా ఆయన కళ్లకు కనపడుతూనే ఉండేది.

ఎనభై ఏడులో ఎండాకాలం ముందు పిట్టలబండ అనే ఊరి సీసా వచ్చింది. చుట్టుపక్కల బోరింగులన్నీ మూడు, మూడున్నర చూపిస్తుంటే, దీని నీళ్లు ఒకటి కూడా దాటలేదు. గొట్టం ఎర్రగా, కొత్త పెళ్లికూతురు పారాణిలా ఉంది. రామేశ్వర్ సారు మళ్లీ తెప్పించాడు. అదే లెక్క. ఇంకోసారి తెప్పించాడు. అదే.

"మూడుమాట్లు ఒక్కటే వచ్చిందంటే ఇంక అనుమానమేంది?" అన్నాడాయన. పటం మీద పిట్టలబండ చుట్టూ పెన్సిలుతో సున్నా గీశాడు. పక్కనున్న వాగు నీళ్లు బండ సందుల్లోంచి ఊరుతున్నాయన్నాడు. వినడానికి బాగానే ఉంది. అక్కడ పెద్ద బోరు వేసి, టాంకీ కట్టి, చుట్టూ నాలుగు ఊళ్లకు పైపులేయాలని కాగితాలు కదిలాయి. టాంకీ జాగా చూసే రోజున చివరి సీసా కోసం లియాఖత్‌ను కూడా పంపారు. అంతకుముందు సీసాలన్నీ తెచ్చిన అటెండరు కిష్టయ్య తోడొచ్చాడు.

బోరింగు ఎదురుగానే సోమమ్మ ఇల్లు. చంకలో రెండేళ్ల మనుమరాలు లీల. సోమమ్మ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది. లియాఖత్ అలవాటు కొద్దీ ఎండకు పట్టి చూశాడు. తేటగా ఉన్నాయి.

"ఏం చూస్తున్నవు సాయబూ, ఈగ పడ్డదా?"

"లేదక్కా. నీళ్లు మస్తున్నయి."

తాగి, కాళ్లు కడుక్కుందామని బోరింగు కొట్టాడు. వచ్చిన నీళ్లు మట్టిరంగు. ఇంకాసేపు కొట్టాడు. అవే. చెంబులో నీళ్లకూ వీటికీ పొంతన లేదు.

"అక్కా, నువ్విచ్చిన నీళ్లు ఎక్కడియి?"

"గీ బోరింగుయే. పొద్దుగాల పట్టి కుండల పోసి పటికబిళ్ల తిప్పుత. మడ్డంత అడుక్కు దిగుతది." ఇంట్లోంచి అరిగిన పటిక ముక్క తెచ్చి చూపించింది.

"కిష్టయ్యకు శీశల పోసింది గూడ గవ్వేనా?"

"గవ్వి గాక? సర్కారు పరీచ్చకు పోయే నీళ్లు, మట్టియి పంపుతమా? మా ఊరికి ఇజ్జత్ లేదా?"

కిష్టయ్య తల గోక్కున్నాడు. "నేను గూడ ఏమనలే భాయ్. తేటగున్నయి గద అనుకున్న."

పటిక ఏం చేస్తుందో లియాఖత్‌కు తెలియదు.  ఒక సీసా బోరింగు నుంచి, ఒకటి కుండలోంచి పట్టుకుని వచ్చి రామేశ్వర్ సారుకు జరిగింది చెప్పాడు. సారు లేచి, ఫ్లోరైడు ఇంత అని తెలిసిన నీళ్లలో రవ్వంత పటిక కలిపి, ఎర్రమందు వేయమన్నాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. పసుపుకు తిరగవలసిన గొట్టం తిరగలేదు. ఫ్లోరైడు ఉన్నది ఉన్నట్టే ఉంది. పటిక దాన్ని పట్టుకుని మందుకు చిక్కకుండా దాచింది. పిట్టలబండ బోరింగు సీసా మూడు దాటింది.

ఇన్నాళ్లూ లియాఖత్ భయపడింది తన కన్నుకు. కన్ను సరిగ్గానే చూసింది. చూసిందే వేరే నీళ్లు.

"టాంకీ కట్టుంటే నాలుగూళ్ల పిల్లలు ఇవే తాగుదురు" అన్నాడు రామేశ్వర్ సారు. పటం మీది సున్నాను రబ్బరుతో చెరిపాడు. గీత పోయింది గానీ కాగితం మీద అచ్చు మిగిలింది.

వారం తిరక్కుండా కిష్టయ్య రంగుడబ్బా పట్టుకుని బోరింగు దగ్గర కూర్చున్నాడు. లియాఖత్ వెంట వెళ్లాడు. వెళ్లక తప్పదని కాదు, లీల ఆ కుండ నీళ్లే తాగుతుందని. సోమమ్మ గడపలోంచి చూసి బయటికొచ్చింది.

"మొన్న పాసన్నరు, నేడు ఫేలంటున్నరు. తప్పు నీళ్లదా, మీ శీశదా?"

"నీళ్లు మార్చి పోసినవు గదక్కా. పటిక నీళ్లకు లెక్క తక్కువొచ్చింది."

"నేను మార్చిన్నా? గీ కిష్టయ్యనడుగు. జర మంచినీళ్లు పొయ్యక్కా అన్నడు. మంచియి పోసిన. బోరింగు నీళ్లు పొయ్యమంటే బోరింగుయే పోద్దును."

కిష్టయ్య కుంచె ఆపి, మళ్లీ పూయడం మొదలుపెట్టాడు.

"సరే. పటికేస్తే తక్కువొచ్చిందన్నరు గద" అంది సోమమ్మ. "గట్లయితే నా కుండల నీళ్లు మంచియే. నా మనుమరాలు గవ్వే తాగుతది. ఇంక ఫికరేంది?"

"తక్కువ గాలేదక్కా. మా మందుకు దొరుకుతలేదు, గంతే."

"దొరకంది ఉన్నదని ఎట్ల చెప్తవు?"

 అది లియాఖత్ తనను తాను ఎన్నిసార్లు అడుక్కున్న ప్రశ్నో. తండ్రి దుకాణమే నోటికొచ్చింది.

"మా బాపు రంగులేస్తుండె. మరకైన చీర తెస్తే, మరక కనపడకుండ ముదురురంగు అద్ది ఇస్తుండె. మరక పోయినట్టా అక్కా?"

సోమమ్మ చంకలోని లీలను పైకి సర్దుకుంది. "చీర కట్టెటోళ్లకు తెలుస్తది" అంది. మరునాటి నుంచి వాగు పక్కన బీరన్న మోటబావికి బిందె పట్టుకుని నడుస్తున్నదని తరువాత తెలిసింది. దూరం తక్కువేమీ కాదు.

అప్పటి నుంచి ఏ సీసా వచ్చినా లియాఖత్ ముందు మూత తీయడు. "ఎవరు పట్టిండ్రు? ఎక్కడ పట్టిండ్రు?" అని అడుగుతాడు. కిష్టయ్యను మంచినీళ్లన్న మాట ఊళ్లలో అననివ్వలేదు. ఆఫీసులో నవ్వుకునేవాళ్లు.

కొన్నేళ్లకు కొత్త మీటరు వచ్చింది. పుల్ల ముంచితే చాలు, అంకె దానంతటదే పడుతుంది. రామేశ్వర్ సారు బదిలీ మీద పోయాడు. తొంభై నాలుగులో ఒక పొద్దున సోమమ్మ ల్యాబు వాకిట్లో నిలబడింది, పక్కన తొమ్మిదేళ్ల లీల. చేతిలో ప్లాస్టిక్ డబ్బా.

"బీరన్న బావియి. ఒడగట్టలే, పటిక ముట్టలే. ఎట్లున్నయో అట్లనే ముంచిన" అంది, తిట్టినట్టే.

లియాఖత్ పుల్ల ముంచాడు. ఒకటి పాయింటు నలభై మూడు. కడిగి మళ్లీ ముంచాడు. ఒకటి పాయింటు యాభై ఆరు. అద్దం మీద అంకెలు స్పష్టంగా, ముత్యాల్లా ఉన్నాయి.

"ఏమంటాంది మిషిని?"

"ఒకటిన్నరకు జర ఇటో, అటో."

"అంటే తాగాలెనా, తాగొద్దా?"

ఆయన మీటరును వదిలేసి లీలను కిటికీ దగ్గరికి పిలిచాడు. వెలుతురు ఎటు నుంచి పడుతుందో చూసి, భుజం పట్టి అటు తిప్పాడు.

"పళ్లు చూపెట్టు బిడ్డా."

లీల సిగ్గుపడి నాయనమ్మను చూసి, తరువాత నవ్వింది. ముందుపళ్లు తెల్లగా ఉన్నాయి, గోధుమ చారల్లేవు. ఒక పంటి అంచున మాత్రం సున్నపు చుక్కంత మచ్చ. లియాఖత్ చాలాసేపు చూశాడు.

"తాగుండ్రి" అన్నాడు. "ఎండకాలం బావి అడుగంటితే లెక్క పెరుగుతది, అప్పుడు మళ్ల పట్టుకరా. నువ్వే ముంచాలె, ఇంకెవ్వరితోని పంపకు."

"ఇంకెవ్వరికి తెలుస్తది ముంచుడు?" అని సోమమ్మ డబ్బా మూత బిగించింది.