సారు లెక్కబెట్టిన పద్దెనిమిది రాళ్లు

తరిగొప్పుల మండల ప్రజలందరికీ చాటింపు వేసి చెప్పేది ఏమనగా, బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో, గోడ పక్క బల్ల మీద, మొన్న ఆదివారం చక్కెర లేని చాయ్ ఒకటి ఎవరూ తాగక చల్లారిపోయింది. హోటలాయన అలవాటు కొద్దీ పోసి పెట్టాడు. నేను అలవాటు కొద్దీ ఎదురుగా కూర్చున్నాను. ఆ చాయ్ తాగే మా సోషల్ సారు శుక్రవారం పొద్దున చనిపోయారు.

ఫోన్ చేసింది సారు పక్కింటి అన్న. "సారు పోయిండురా, జల్ది రా" అన్నాడు. నేను నమ్మలేదు. బతికున్న బావకు దశదినకర్మ కార్డులు కొట్టించి ఊరంతా పంచిన మనిషిని నేను. "ఇన్నేండ్లకు నా మీదికే తిప్పిన్రా అన్నా, మంచిగున్నది" అని నవ్వాను. ముందు రోజు సాయంత్రమే సారు ఫోన్ చేసి, "ఆదివారం చిట్యాల దిక్కు పోదాం, బండిల పెట్రోల్ పోయించు" అన్నారు. పోయే మనిషి పెట్రోల్ పోయించమంటాడా? దీనికి తిరిగి ఏం దెబ్బ కొట్టాలా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్లాను. సారు ఇంటి ముందు ఎక్కడ చూసినా చెప్పులే. నా ముఖం మీద నవ్వు అప్పటికీ అట్లాగే ఉంది. దాన్ని ఎట్లా తీసేయాలో తెలియలేదు. ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నట్టుంది నాకు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. సారు మూడుసార్లు ఇంటికి వచ్చారు. మూడోసారి నేను వడ్ల గుమ్మిలో దాక్కున్నాను. మా అవ్వ "లేడు సారూ, చేన్లకు పోయిండు" అంది. సారు నేరుగా గుమ్మి దగ్గరికి వచ్చి, "గుమ్మీ, వాడస్తే చెప్పు, రేపు పరీక్ష లేదని. ఊకెనే రమ్మను" అని గుమ్మికి చెప్పి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. కానీ ఆ రోజు నుంచి సారును ఒక్కసారైనా బోల్తా కొట్టించాలని నాకు పట్టుదల పుట్టింది.

పింఛను తీసుకోవడం మొదలయ్యాక సారే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను అప్పటికి ట్రాక్టరు నడుపుతున్నాను. "నువ్వు ఊరూరు దున్నుతవు గదా, గుండ్రంగ పెట్టిన రాళ్లు యాడనన్న కనవడ్డయా?" అని అడిగారు.

"రాకాసి గుళ్లా సారూ? మస్తున్నయి. రాకాసులే కనవడలే."

"రాకాసులు గాదురా, మనోళ్లే. ఇనుము కాగవెట్టుడు అప్పుడప్పుడే నేర్చినోళ్లు. సచ్చినోళ్లను పండవెట్టి సుట్టు రాళ్లు పెట్టిన్రు."

అప్పటి నుంచి ఎనిమిదేళ్లు, ఆదివారాలన్నీ నా బండి మీదే. జనగామ దిక్కు, మహబూబాబాద్ దిక్కు, భూపాలపల్లి దిక్కు. సారు ముందు దూరంగా నిలబడి నేల కొద్దిగా ఉబ్బిందా అని చూసేవారు. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవారు. ఎండాకాలమైనా సరే. "లోపట మనిషి పండుకున్నడు" అనేవారు. రాయి అడుగున మన్ను వేలితో గీకి ఎంత లోతు దిగిందో చూసేవారు. కుండ పెంకు దొరికితే తాగే నీళ్లతో కడిగి, లోపల నలుపు, బయట ఎరుపు ఉందా అని చూసి, తీసిన చోటే పెట్టేవారు. ఒకటి జేబులో వేసుకోమంటే, "నీ ఇంట్ల గిన్నె నేను తీస్కపోతే ఊకుంటవా?" అన్నారు. రాళ్లన్నీ పెరికేసిన చేలల్లో కూడా ఆగేవారు. అక్కడ గడ్డి గుండ్రంగా పలచబడి ఉండేది. "రాయి పోయినా జాగ యాదివెట్టుకుంటదిరా" అనేవారు.

ఒకసారి చిట్యాల దగ్గర ఒక పెద్దాయన కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు. "బంగారం తవ్వుతందుకచ్చిన్రా?" అన్నాడు. "కాదు బాపూ, రాకాసులకు ఆధార్ కార్డులు ఇయ్యనీకి అచ్చినం" అన్నాను. సారు నన్ను కోపంగా చూసి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "గిది మీ తాతల తాతల బొంద. జర కాపాడు బాపూ" అన్నారు. పెద్దాయన కర్ర దించి మాకు మజ్జిగ తెప్పించాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగేళ్ల కింద, పెద్దవంగర దగ్గర మా అక్క వాళ్లు దున్నకుండా వదిలేసిన పడావు చెలకలో నేను ఒక రాకాసి గుడి కట్టాను. గుట్ట కింది నుంచి పద్దెనిమిది రాళ్లు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగాను. గుండ్రంగా గుంతలు తీసి మోకాలి లోతు దింపాను. పాచి పట్టడానికి పేడనీళ్లు, గంజి పోశాను. ఒకచోట దున్నుతుంటే బయటపడ్డ పాత పెంకులు తెచ్చి నడిమధ్య పాతాను. అక్క అడిగింది, "నీకేమన్న పిచ్చి లేసిందారా?" "సారు కోసం" అన్నాను. రెండు వానాకాలాలు ఆగాను. ఇంకే పనిలోనూ నాకు అంత ఓపిక లేదు.

సారును తీసుకుపోయాను. సారు చెప్పులు విప్పారు. మన్ను గీకారు. పెంకు కడిగారు. లెక్కబెట్టారు. తూర్పున ఉన్న రాయి మీద కూర్చుని జొన్నరొట్టె విప్పి సగం నాకిచ్చి, "ఆరేండ్లల్ల నువ్వు చూపిచ్చిన మొదటిది రా. బడికి రాకపోతేంది" అన్నారు.

అప్పుడు పడీ పడీ నవ్వుదామని రెండేళ్లుగా దాచుకున్న నవ్వు. రాలేదు. సారు ఇచ్చిన సగం రొట్టె తిన్నాను.

ఆ తర్వాత సారు ఈ గుళ్లన్నీ రాసుకున్న నోటుబుక్కును పురావస్తు ఆఫీసువాళ్లకు ఇస్తానని చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఒక్క దొంగది బయటపడితే, మిగతావన్నీ దొంగవే అంటారు. సారు ఇన్నేళ్ల నడక నవ్వులపాలవుతుంది. పోయిన నెల తిరిగొచ్చేటప్పుడు ఒక మామిడిచెట్టు కింద బండి ఆపి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. సారు చాలాసేపు నవ్వి, "నాకెర్కనేరా. పేడ వాసన పోలే ఇంకా" అన్నారు.

ఆదివారం చాయ్ చల్లారాక సారు ఇంటికి వెళ్లాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. అమ్మ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఆఫీసోళ్లకు నువ్వే ఇయ్యి బిడ్డా. ఆదివారం నీకే అప్పజెప్త అన్నడు" అంది. విప్పి చూశాను. నలభై ఒకటో నంబరు. పెద్దవంగర. రాళ్లు పద్దెనిమిది. మిగతా పేజీల్లో 'చూపినవారు' అనే చోట రైతుల పేర్లున్నాయి. ఈ పేజీలో నా పేరు రాసి, పక్కన 'నా విద్యార్థి' అని ఉంది. కొట్టేయడం మరిచిపోయారేమో అనుకున్నాను.

సారు రాతను నేను కొట్టేయలేదు. ఒక కాగితం మీద, 'నలభై ఒకటోది నేను పెట్టిన రాళ్లు. మిగతావన్నీ సారు చూసినవి, నిజమైనవి' అని రాసి, వేలిముద్ర వేసినంత గట్టిగా సంతకం పెట్టి ఆ పేజీకి అంటించాను. సోమవారం ట్రాక్టరు తీసుకుపోయి పద్దెనిమిది రాళ్లూ లాగేశాను.

ఇక, ఇందులో నేను కల్పించినవి చెబుతాను. కార్డులు నిజం. గుమ్మి నిజం. చిట్యాలలో ఆధార్ కార్డుల మాట నేను అనలేదు. కర్ర చూసి సారు వెనక దాక్కున్నాను. మామిడిచెట్టు లేదు. దొంగ గుడి సంగతి నేను సారుకు చెప్పనే లేదు. ఆదివారం చిట్యాల దారిలో చెబుదామనుకున్నాను. సారుకు తెలియదు. తెలియకుండానే పోయారు. నా జన్మలో సారును బోల్తా కొట్టించింది ఆ ఒక్కసారే.

పద్దెనిమిది రాళ్లూ లాగేశానన్నదీ అబద్ధమే. పదిహేడు లాగాను. ఆ పదిహేడు చోట్లా గడ్డి లేని ఎర్రమన్ను బయటపడింది. తూర్పున సారు కూర్చుని రొట్టె తిన్న రాయికి గొలుసు కట్టి, మళ్లీ విప్పేశాను. అది అక్కడే ఉంది.