వీరయ్య పడవకు తిరగేసి చుట్టిన తీగ

1989 చివర్లో వీరయ్య పడవకు నేను స్టీరింగు బిగించిన సంగతి భద్రాచలం వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరో ఆడమనిషి బిగించిందట, తీగ తలకిందులుగా చుట్టిందట, చక్రం కుడికి తిప్పితే పడవ ఎడమకు పోయి బండకు కొట్టుకుందట. చెప్పి నవ్వుతారు. అలా చెప్పేవాళ్లలో ఆ రోజు రేవులో ఉన్నవాళ్లు ఇద్దరు కూడా ఉండరు. తీగ తిరగేసి చుట్టిన మాట నిజం. పొరపాటున చుట్టానన్న మాట అబద్ధం. ఈ రెంటికీ మధ్య తేడా ఏమిటని ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు. అందుకని అడగకుండానే రాస్తున్నాను.

అప్పటికి పాల్వంచలో మా వర్క్‌షాపు పెట్టి తొమ్మిదేళ్లు. నాన్న బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక రేకుల షెడ్డు వేసి, ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, గ్యాస్ వెల్డింగ్ సెట్టు పెట్టుకున్నారు. నేను ఖమ్మంలో బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఉద్యోగం రాక కాదు, వచ్చిన ఉద్యోగంలో కుర్చీకి అతుక్కుని కూర్చోలేక షెడ్డులోకి వచ్చాను. నాన్న పోయాక అది నాదైంది. ఆయిల్ ఇంజన్లు, నీళ్ల మోటార్లు, ట్రాక్టర్ల పనులు వచ్చేవి. కొత్తవాళ్లు లోపలికి తొంగిచూసి సారు లేడా అని అడిగేవాళ్లు. సారు బడిలో లెక్కలు చెబుతున్నాడు, ఆయనకు స్పానరుకూ పట్టకారుకూ తేడా తెలియదు, పనేమిటో నాకు చెప్పండి అనేదాన్ని. సగంమంది చెప్పేవాళ్లు. మిగతా సగం వెళ్లిపోయి, ఇంకెక్కడో పని చెడగొట్టించుకుని మళ్లీ వచ్చేవాళ్లు.

వీరయ్య మొదటిసారే చెప్పాడు. బూర్గంపాడు దాటాక గోదారి ఒడ్డున ఒక చిన్న రేవు ఊరు ఆయనది. వయసు యాభై దాటింది. అంతకు మూడేళ్ల కిందట వచ్చిన పెద్ద వరదలప్పుడు సహాయానికని తెచ్చిన అల్యూమినియం పడవల్లో ఒకటి, పద్నాలుగు అడుగులది, తర్వాత మోటారుతో సహా ఆ ఊరి చేపల సంఘానికి ఇచ్చారు. నీళ్ల అడుగున ఏ బండ ఎక్కడుందో అందరికంటే బాగా తెలిసినవాడని సంఘం దాన్ని వీరయ్య చేతికిచ్చింది.

ఆ పడవకున్నది అవుట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక అంచుకు తగిలించేది. దానికి టిల్లర్ అనే పిడి ఉంటుంది. నడిపేవాడు వెనకే కూర్చుని, చెయ్యి వెనక్కి చాచి, ఆ పిడిని అటూ ఇటూ తోస్తూ పడవను తిప్పాలి. ఆ ఎండాకాలం వల లాగుతుండగా వీరయ్య కుడి భుజం కీలు జారింది. కట్టు కట్టినాయన ఎట్లా కట్టాడో గాని, చెయ్యి ముందుకు ఆడేది, వెనక్కి పోయేది కాదు. ఎడమ చెయ్యి ఉంది కదా అంటారేమో. కుర్రతనంలో తోటా పేల్చి చేపలు కొట్టబోతే ఆ చేతి వేళ్లు రెండు ఎగిరిపోయాయి. పిడి మీద పట్టు నిలవదు.

సంఘంవాళ్లు గడువు పెట్టారు. జనవరిలో పై అధికారి తనిఖీకి వస్తాడు. ఆయన ముందు వీరయ్య తన చేత్తో పడవ నడిపి చూపాలి. చూపలేకపోతే పడవ వరసలో రెండో మనిషికి పోతుంది. పడవ పోతే వీరయ్యకు ఇంకో బతుకు తెలియదు. చెక్క పడవ తెడ్డు వెయ్యడానికీ అదే భుజం కావాలి.

భార్య సమ్మక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. "జీపుకున్నట్టు ముంగట చక్రం పెట్టియ్యి బిడ్డా. ముంగట కూసుంటే నా చెయ్యి ఆడుతది" అన్నాడు.

దీన్ని రిమోట్ స్టీరింగ్ అంటారు. మోటారు వెనకే ఉంటుంది, తిప్పేవాడు ముందు ఉంటాడు, మధ్యలో తీగ పని చేస్తుంది. నేను అంతకుముందు పడవ ముట్టింది లేదు. మోటారుతో వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది, అది చాలింది. పాత జీపు చక్రం ఒకటి పాత సామాన్లలో దొరికింది. దాని ఇరుసుకు లేత్ మీద ఒక డ్రమ్ము తీసి బిగించాను. డ్రమ్ముకు ఉక్కుతీగ నాలుగు చుట్లు చుట్టి, రెండు కొసలనూ పడవ రెండు పక్కల వెంట గిరకల మీదుగా వెనక్కి తీసుకుపోయి మోటారుకు కట్టాను. తీగ వదులు కాకుండా కొసల్లో స్ప్రింగులు వేశాను. స్పీడుకు స్కూటరు యాక్సిలరేటరు వైరు, ముందు ఒక చిన్న లివరు. గేరు మాత్రం వెనకే ఉంచేశాను, దాన్ని సమ్మక్క చూసుకుంటానంది. అల్యూమినియానికి ఇనుము ఆనుకుని తడి చేరితే అల్యూమినియం పుచ్చిపోతుంది. అందుకని ప్రతి బోల్టు కిందా సైకిలు ట్యూబు రబ్బరు కోసి పెట్టాను. ఆ బోల్టులు ఒక్కటి కూడా చివరిదాకా కదల్లేదు. ఈ మాట కూడా ఎవరూ చెప్పరు.

మొదట నేను చుట్టింది జీపు లెక్కనే. చక్రం కుడికి తిప్పితే పడవ కుడికి. ముగ్గురం ఎక్కి నీళ్లలోకి వెళ్లాం. పావుగంట చక్కగా నడిచింది. వీరయ్య ముఖం వెలిగిపోయింది. ఇంతలో ఎదురుగా నీటికింద నల్లగా ఒక బండ కనిపించింది. ఎడమకు తప్పించాలి. వీరయ్య చక్రాన్ని కుడికి తిప్పాడు. పడవ కుడికే పోయింది, అక్కడ ఇంకో బండ. వెనక నుంచి సమ్మక్క గడకర్రతో పొడిచి పడవను ఆపింది.

ఒడ్డుకొచ్చాక ఆవిడ నన్ను తిట్టిన తిట్లు రాయను. చివరిది మాత్రం రాస్తాను. "నీ చక్రం పాడుగాను, నా గడ లేకుంటే ముగ్గురం చేపలకు మేతైపోయేటోళ్లం."

జరిగిందేమిటో నాకు అప్పుడే అర్థమైంది. టిల్లర్ పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన చెక్క పడవ వెనక పట్టిన తెడ్డూ అంతే. నిదానంగా పోతున్నప్పుడు బుర్ర చెప్పినట్టు చెయ్యి వింటుంది. ప్రమాదం ఎదురైతే చెయ్యి తనకు తెలిసిందే చేస్తుంది.

"తీగ తిరగేసి చుట్టు బిడ్డా" అన్నాడు వీరయ్య.

కుదరదన్నాను. ప్రపంచంలో ఎక్కడైనా కుడికి తిప్పితే కుడికే పోవాలి, అది పద్ధతి అన్నాను.

"ప్రపంచమొచ్చి నా పడవ నడుపుతదా?"

నేర్చుకో కాకా, పది రోజుల్లో అలవాటవుతుంది అన్నాను.

"నిమ్మళంగ ఉన్నప్పుడు నీ లెక్కనే తిప్పుత. భయమైనప్పుడు చెయ్యి నన్ను అడగది."

సమ్మక్క పక్కనుంచి అందుకుంది. "పెండ్లైన కాడి నుంచి నా మాటే ఇనలే. ఆయన చెయ్యి నీ మాట ఇంటదా?"

నేను ఊరికే ఒప్పుకునే మనిషిని కాదు. పది రోజులు పట్టుబట్టి నేర్పించాను. బండలు లేనిచోట పడవ నడిపిస్తూ, ఉన్నట్టుండి "బండ, బండ" అని సమ్మక్క చేత అరిపించేదాన్ని. పదిసార్లు అరిస్తే ఎనిమిదిసార్లు ఆయన పాత పద్ధతిలోనే తిప్పేవాడు. పదకొండోనాడు నేను ఓడిపోయాను. డ్రమ్ము మీద తీగను పైనుంచి చుట్టడమా, కింది నుంచి చుట్టడమా అన్నదే తేడా. అరగంట పని. తిరగేసి చుట్టాను. తెలిసి చుట్టాను, ఒక మనిషి చేతిని పది రోజులు పరీక్షించి చుట్టాను. తర్వాత చక్రం వెనక చెక్క మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాశాను: చక్రం కుడికి తిప్పితే పడవ ఎడమకు పోతుంది. వీరయ్య తప్ప ఎవరూ పట్టుకోరాదు.

ఆ తర్వాత నెలన్నరపాటు వీరయ్య ఆ పడవను నడిపిన తీరు చూడాల్సింది. రెండు బండల మధ్య పడవ పట్టేంత సందు ఉంటే చాలు, చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పుతూ దూరిపోయేవాడు. ముందు కూర్చుంటే నీళ్ల రంగు ఇంకా బాగా తెలుస్తోందని, ఇన్నాళ్లూ వెనక కూర్చుని సగం గోదారినే చూశానని అన్నాడు. వెనక సమ్మక్క వల వదిలేది. సంతలో ఆవిడ గంప ముందే ఖాళీ అయ్యేది.

జనవరిలో అధికారి వచ్చాడు. ఏ శాఖో రాయను, చదివితే ఆయనకే తెలుస్తుంది. సంఘం పెద్దలు, నేను ఒడ్డున నిలబడ్డాం. సమ్మక్క వెనక గేరు దగ్గర కూర్చుంది, వీరయ్య ఆయన్ని ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు పోయి, బండల మధ్య నుంచి తిరిగొచ్చాడు. అధికారి బాగుందన్నాడు. కాగితం మీద సంతకం పెట్టేస్తే కథ అక్కడితో అయిపోయేది. పెట్టలేదు. జరగవయ్యా, నేనూ ఒకసారి చూస్తానన్నాడు.

వీరయ్య లేవలేదు. "సారూ, ఇది ఉల్టా తిరుగుతది. మీకు అలవాటు లేదు."

"పదేళ్ల నుంచి జీపు నడుపుతున్నా. చక్రం తిప్పడం నువ్వు నేర్పుతావా నాకు?"

వీరయ్య రెండోసారి చెప్పాడు. అధికారి చేతిలో ఉన్న ఫైలును ఎర్ర అక్షరాల ముందు ఆనించి పెట్టి, వీరయ్య భుజం తట్టి లేపాడు. ఆ భుజమే.

నేను ఒడ్డు మీద నుంచి, వద్దు సార్ అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూశాడు. సంతకం ఇంకా కాలేదు, ఈయనకు కోపం తెప్పిస్తే వీరయ్య పడవ పోతుందని లెక్కవేసుకుని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న రోజులు బహు కొద్ది. వాటిల్లో ఇది ఒకటి.

వీరయ్య ఆయన పక్కన కూర్చున్నాడు. తిన్నగా వెళ్లినంతసేపు బాగానే వెళ్లింది. ఎడమ పక్కన బండ కనిపించగానే ఆయన చక్రాన్ని కుడికి గట్టిగా తిప్పాడు. పడవ ఎడమకు తిరిగి బండ మీదికెక్కింది. అల్యూమినియం రేకు చాప చినిగినట్టు చినిగింది. నీళ్లు నడుము లోతు దాటి ఉన్నాయి. అధికారికి ఈత రాదు. వీరయ్య వెనక్కి పోని చేత్తోనే ఆయన చొక్కా కాలరు పట్టుకుని బండ మీదికి లాగాడు. ప్రాణాలు ఎవరివీ పోలేదు. ఫైలు కొట్టుకుపోయింది.

వారం తర్వాత సంఘానికి కాగితం వచ్చింది. శిక్షణ లేని ప్రైవేటు వ్యక్తి చేసిన ప్రమాదకరమైన మార్పు వల్ల పడవ దెబ్బతిన్నదట. పడవ నడిపే వ్యక్తి శారీరకంగా తగినవాడు కాదట. పడవ వెనక్కి తీసుకోవాలట.

నేను బొమ్మ గీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అధికారి కూర్చోమనలేదు. ఆడవాళ్లకు ఇనుప పనులు ఎందుకని అక్కడి గుమాస్తా నాకు వినపడేట్టే పక్కవాడితో అన్నాడు. తీగ అలా ఎందుకు చుట్టానో రాసిస్తాను, మీ రిపోర్టుకు జతచెయ్యండి అని అధికారిని అడిగాను.

"తిరగేసి చుట్టానని మీరే ఒప్పుకుంటున్నారు కదమ్మా."

"చుట్టానని ఒప్పుకుంటున్నాను. తప్పని ఒప్పుకోవడం లేదు."

"రిపోర్టుకు ఆ తేడా అక్కర్లేదు."

చినిగిన పడవను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. అతుకు వేసిస్తానన్నాను, సంఘంవాళ్లు ముట్టనివ్వలేదు. అది సంఘం కొట్టం వెనక బోర్లా పడి ఉండిపోయింది. రెండో మనిషికీ దక్కలేదు. వీరయ్య ఇతరుల వలలు అల్లుతూ ఒడ్డున కూర్చున్నాడు. నేను వెళ్లినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నది సమ్మక్క. "నీ నోరెంతదో పాల్వంచ దాకా ఎరికే. ఆ రోజే ఎందుకు మూతబడ్డది?" అని అడిగింది.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. పుస్తకంలో ఉన్న పద్ధతి పదిమంది కోసం. మీ ముందు నిలబడ్డవాడు ఒక్కడు. వాడి చేతికి సరిపోయేదే వాడికి సరైనది, నేను ఇప్పటికీ అదే అంటాను. కాని ఒక్క మనిషి కోసం చేసిన యంత్రానికి బోర్డు రాసి ఊరుకోకూడదు. చదువుకున్నవాళ్లు బోర్డులు చదవరు. ఆ తర్వాత నేను చేసిన అలాంటి ప్రతి పనికీ ఒక పిన్ను పెట్టాను. ఆ మనిషి దిగేటప్పుడు పిన్ను పీకి జేబులో వేసుకుంటే చక్రం వట్టినే తిరుగుతుంది, కలెక్టరు వచ్చి తిప్పినా సరే. ఆ పిన్ను వీరయ్య పడవకు పెట్టకపోవడం నా తప్పు. ఒడ్డున రెండోసారి అరవకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నా వంతు నేను రాసేశాను.

ఇక వాళ్ల వంతు. అలాంటి ప్రమాదం రిపోర్టులో ఒక గడి ఉంటుందని అదే ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన ఒకరు తర్వాత చెప్పారు: ప్రమాద సమయంలో పడవ నడుపుతున్న వ్యక్తి పేరు. నేను మూడుసార్లు నకలు అడిగాను. మొదటిసారి ఫైలు పైకి పోయిందన్నారు, రెండోసారి సంబంధం లేనివాళ్లకు ఇవ్వమన్నారు, మూడోసారి నన్ను గుమ్మం దాటనివ్వలేదు. వీరయ్య పోయి చాలా ఏళ్లయింది, ఆ అధికారి మాత్రం ఎక్కడో పింఛను తీసుకుంటూనే ఉండాలి. ఆయన్నే అడుగుతున్నాను. ఆ గడిలో ఎవరి పేరు రాశారు సార్?